రైట్ చెప్పేదెవరు

కదలొద్దన్నారు. కాలు ముడవొద్దు, పక్కకి తిరగొద్దు, తల ఎత్తొద్దు. కళ్లొక్కటే నీ ఇష్టం అన్నట్టు వదిలేశారు, ఆ కళ్లతో పైన నీరసంగా తిరుగుతున్న ఫ్యాన్‌ని చూస్తున్నాను. మూడు రెక్కల్లో ఒకటి వంగింది, చుట్టు తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది, ఒక్కటే టక్కు, కాస్త ఆగి మళ్లీ ఒక్కటే, బస్సులో ఒక్క బెల్లంటే ఆగమని, రెండు బెల్లులంటే పొమ్మని, ముప్పై ఏళ్లు అదే విన్న చెవులు ఇది ఆస్పత్రి ఫ్యానంటే ఊరుకుంటాయా, అది టక్కుమన్నప్పుడల్లా దుప్పటి కింద నా కుడికాలు బ్రేకు కోసం వెతుకుతోంది. "పెద్దాయనా, కాలు!" అంటోంది నర్సమ్మ. నాకు యాభై రెండేనమ్మా, ఇంకా రిటైరు కూడా కాలేదు, పెద్దాయనంటే మా అన్న, అదిగో అద్దం తలుపు అవతల డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు చూడు, ఆయన్ని పిలువు అలా, అని నోటిదాకా వచ్చింది, మింగాను. మింగడం నాకు బాగా వచ్చు. నీళ్లు తప్ప అన్నీ మింగినవాణ్ని.

మంచానికి రెండు సంచులు. పైన వేలాడేది తెల్లది, కింద వేలాడేది ఎర్రది. పైదాంట్లోంచి ఉప్పునీళ్లు గొట్టంలోంచి నా మూత్రసంచిలోకి పోయి, కడిగి, గడ్డకట్టిన రక్తాన్ని తోసుకుంటూ కింది సంచిలోకి దిగుతాయి. సాయంత్రం డిపోలో బండి కడిగినట్టే, పైపు పెడితే మొదట బురదొస్తుంది, తర్వాత తేటపడుతుంది, అప్పుడు చాలనుకుంటాం. నాకూ పొద్దున తేటపడింది, లేత గులాబీ రంగు దాకా వచ్చింది, నర్సమ్మ కూడా నవ్వింది, మధ్యాహ్నానికి మళ్లీ బ్రేకు లైటు రంగు. ఎక్స్‌రే గదిలో పనిచేసే వేరే డాక్టరు ఒకాయన దార్లో ఉన్నాడట, గంటలో వస్తాడట, తొడ మొదట్లో రక్తనాళంలోకి సూది దించి, అందులోంచి సన్న తీగ పంపి, కిడ్నీలో ఎక్కడ కారుతోందో వెతికి, అక్కడ స్ప్రింగులాంటి ముక్క ఒకటి పెట్టి మూసేస్తాడట. మూతపడితే కిడ్నీ నాది. మూతపడకపోతే పక్కన కోసి కిడ్నీ తీసేస్తారు. ఈ రెండో మాట నాకు డాక్టరు చెప్పలేదు, అన్న చెప్పలేదు. తువ్వాలు మార్చే నెపంతో నా మీదకి వంగి మా ఆవిడ చెప్పింది. "ఏమండీ, బయట మీ అన్నగారు 'వాడికి చెప్పకండి సార్, బెదిరిపోతాడు' అంటున్నారు. తీసేయాల్సొస్తే తీసేయమని ఆయనే అనేశారు. మీకు తెలియాలని చెప్తున్నా. ఇప్పుడు బెదరకండి, తర్వాత ఇద్దరం కలిసి తీరిగ్గా బెదురుదాం." అని తువ్వాలు దులిపి, ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ నాకు చెప్పిన చెడ్డకబుర్లన్నీ ఇలాగే, మడత పెట్టి, ఇస్త్రీ చేసి.

ఇప్పుడు నేను బెదిరానా? చెప్పలేను. మండుతోంది, అది మాత్రం తెలుస్తోంది. గొట్టం మంట వేరే, ఇది వేరే. నా వొళ్లు, నా కిడ్నీ, దాని సంగతి అద్దం తలుపు అవతల తేలిపోతోంది, ఇవతల నేను ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకుంటున్నాను.

కిడ్నీలో రాయి నాకు ఊరికే రాలేదు, సంపాదించుకున్నాను. "నీళ్లెందుకు తాగరండీ మీరు?" అన్నాడు ఆపరేషన్ డాక్టరు మొదటిరోజు, తాగనివాడు వెర్రివాడన్నట్టు. తాగితే బండాపాలి సార్, బండాపితే వెనక యాభైమంది నా పుట్టుపూర్వోత్తరాలు ఎత్తాలి, మా టర్మినల్లో ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి, దానికో తాళం, ఆ తాళంచెవి కంట్రోలరు జేబులో, కంట్రోలరు టీకి పోతే తాళంచెవీ టీకి పోతుంది. ఇదంతా చెప్పాను. ఆయన నవ్వాడు, రాసుకున్నాడు, ఏం రాసుకున్నాడో, "రోజుకి మూడు లీటర్లు" అన్నాడు. ఎండలో ఇంజను బానెట్ పక్కన కూర్చుని గేరు రాడ్డు వేడికి అరచెయ్యి కమిలేది, పెదాలు ఎండేవి, పుక్కిలించి ఉమ్మేసేవాణ్ని, గొంతు తడిస్తే చాలు, మింగితే మళ్లీ అదో గొడవ. ఆపుకోవడం అలవాటైపోయింది. ఇంట్లో ఉన్నా ఆపుకునేవాణ్ని. కష్టమొచ్చినప్పుడల్లా గుండె రాయి చేసుకో, గుండె రాయి చేసుకో అని మా అన్న చెప్పేవాడు, నా గుండెకి ఆ తెలివి రాలేదు, కిడ్నీకి వచ్చింది.

కోత లేదు, కుట్టు లేదు, చిన్న చిల్లు. ఆ మాట చెప్పేటప్పుడు ఆపరేషన్ డాక్టరు జేబులోంచి పెన్ను తీసి చూపించాడు, ఇంత లావు దారి, వీపులోంచి, దాంట్లోంచి దుర్భిణి పంపి రాయి పగలగొట్టి ముక్కలు లాగేస్తాం, మూడోనాడు ఇంటికెళ్లిపోతారు. పాతకాలంలో అయితే పక్కంతా కోసేవాళ్లట. ఆయన అబద్ధం చెప్పలేదు, అలా చూస్తే ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను చూసింది మాత్రం పెన్నుని. చొక్కా జేబులో పెట్టుకునే వస్తువు ప్రాణం మీదకి తెస్తుందని ఎవడనుకుంటాడు? ఆ పెన్ను చూపించాక ఏదో గొణిగాడు, జ్వరం రావచ్చు, రక్తం పోవచ్చు, వందలో ఒకరికి ఎక్కువ పోవచ్చు, అని వరసగా, కండక్టరు స్టాపుల పేర్లు చదివినట్టు, దిగేవాళ్లుంటే దిగండి లేకపోతే లేదన్నట్టు. వందలో ఒకరు. ఆ ఒకడు ఎప్పుడూ ఇంకెవడో అనుకుంటాం. వాడికీ ఓ ఇల్లుంటుంది, తలుపు వెనక చొక్కా వేలాడుతుంటుంది, పెళ్లాం ఎదురుచూస్తుంటుంది అనుకోం. తొంభైతొమ్మిది మంది హాయిగా ఇంటికి పోవాలంటే ఒకడు ఇక్కడ ఫ్యాన్ చూడాలి, చూస్తున్నాను బాబూ, సుఖంగా ఉండండి.

ఆపరేషనయ్యి మెలకువ వచ్చేసరికి బోర్లా పడుకోబెట్టినవాణ్ని వెల్లకిలా తిప్పారు, వీపులో గొట్టం, నోరు పిడచకట్టుకుపోయింది. అన్న చేతిలో చిన్న సీసా, దాంట్లో గోధుమరంగు రాళ్లముక్కలు, బియ్యంలో ఏరిపారేసే మట్టిబెడ్డల్లాగున్నాయి, వార్డంతా తిప్పి చూపించాడు, కొండని తవ్వి ఎలుకని పట్టినవాడిలా. రెండోరోజు చలిజ్వరం, మంచం గజగజలాడింది, మందు మార్చారు, మామూలే అన్నారు. గొట్టం తీసిన చోట దుప్పటి తడిసింది, మామూలే అన్నారు. ఎరుపొచ్చింది, కొంచెం ఎరుపు మామూలే అన్నారు. కొంచెం అంటే ఎంత? మా ఆవిడ అడిగింది ఆ మాట, నర్సు చెయ్యి ఊపింది. ఇక్కడ మామూలు కానిది ఏదైనా ఉందంటే అది మేం అడగడమేననుకుంటా.

ఆ తర్వాత కళ్లజోడు డాక్టరు వచ్చాడు, ఆపరేషన్ డాక్టరు కింద పనిచేసే కుర్రాడు, చెవికి ఫోను, కళ్లు పక్కమంచం మీద, "ఏంటి, అంతా రైటేనా?" అన్నాడు. చెప్పాల్సింది చాలా ఉంది. ఇటుకపొడి కలిపినట్టు వస్తోంది, వీపు పోటు తగ్గలేదు, ఇవి చెప్పాలి. కానీ రైటన్న మాట చెవిలో పడింది, ఇంటికి పోవాలన్న ఆత్రం కాళ్లలో ఉంది, నేను కూడా "రైట్, రైట్" అన్నాను. ఆయనకి అది బాగుందని. నాకు అది పోనీ అని. బండి పోనివ్వండి, ఇల్లు చేర్చండి. మా బస్సు లోకంలో రైట్ అంటే బాగుందని కాదు, ఎవడి చెయ్యి తలుపులో నలుగుతున్నా, ఎవడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నా, రైటంటే పోవడమే. తమాషా ఏంటంటే ముప్పై ఏళ్ల నౌకరీలో నేను ఒక్కసారి కూడా రైట్ అనలేదు. డ్రైవరు అనడు. డ్రైవరు వింటాడు. వెనకనుంచి కండక్టరు రైటంటాడు, ఈయన గేరేస్తాడు. హోల్డాన్ అంటాడు, బ్రేకేస్తాడు. జన్మకో శివరాత్రిలా ఒక్కసారి నా నోటినుంచి రైటని వచ్చింది, అది కాస్తా ఇదిగో ఇలా అఘోరించింది. ఇంటికెళ్లి ఇప్పుడు మళ్లీ ఆస్పత్రిలో చేరాక నా ముఖమ్మీదే అనుకున్నారు, "పేషెంటే రైటన్నాడు సార్ డిశ్చార్జప్పుడు" అని. చూశావా, నోట్లో నాలుక లేనివాడు ఒక్క మాటంటే దాన్నే తాడు పేని మెడకి వేశారు. కాదు. ఒప్పుకోను. నా మాట వల్ల నాళం తెగిందా? రైటంటే రక్తం కారిందా? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే, రక్తమూ నాదే, తప్పూ నాదే.

ఇంటికెళ్లిన వారానికి పొద్దున్నే, ఆవిడ పనికి బయల్దేరుతోంది, బట్టలుతికి ఇస్త్రీ చేసే పెద్ద దుకాణంలో పని, హోటళ్ల దుప్పట్లన్నీ వాళ్ల దగ్గరికే వస్తాయి, మరక చూసి మనిషి కథ చెప్పేస్తుంది. నేను బాత్రూంలోంచి రాలేదు. మొదట చిక్కటి ఎరుపు, తర్వాత గడ్డ, జిగురుగా, వేలంత, ఆ తర్వాత ఇంకేమీ రాలేదు, ఎంత ముక్కినా రాలేదు, పొత్తికడుపు బస్సు టైరులా బిగుసుకుంది. జీవితమంతా ఆపుకున్నవాణ్ని, ఇప్పుడు పోనీ మహాప్రభో అంటే అదే ఆగి కూర్చుంది. మామూలే అన్నారుగా, కాసేపాగుదాం అన్నాను తలుపు లోపల్నుంచి. "తలుపు తీయండి" అంది. తీశాను. నేల మీద చూసింది, నా పంచె మీద చూసింది, చూసి, "మామూలు మరక నాకు తెలుసు, ఇది కాదు, నడవండి" అంది. ఆటోలో నా తల భుజానికి ఆనించుకుని డ్రైవర్ని గుంతలో వేయకయ్యా అని తిట్టింది, నేను కూడా లోపల్లోపల తిట్టాను, మలుపులో సెకండ్ గేరు వేయాలిరా వెధవా అని.

అన్న తలుపు అవతల ఇంకా మాట్లాడుతున్నాడు. చెయ్యి గాల్లో ఎగురుతోంది, ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగినవాడు, ఎవరి ముందైనా ఫైలు పెట్టినట్టు మాట్లాడతాడు, ఇప్పుడు ఆ ఫైలు నేను. ఏడో తరగతిలో నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే వసారాలో మామయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నేను తలుపు చాటున. "వీడికి చదువు ఎక్కదు మామయ్యా, లారీ మీద క్లీనరుగా పెట్టేద్దాం" అన్నాడు. ఎక్కదా? లెక్కల్లో నాకు అన్నకంటే ఎక్కువొచ్చేవి. ఎవరూ నన్నడగలేదు, తెల్లారి నూనెగుడ్డ చేతిలో పెట్టారు, వెనకనుంచి ఎవరో రైటన్నారు, బండి కదిలింది. తర్వాత పెళ్లికి రైటన్నది అన్న, ఇల్లు మారడానికి రైటన్నది అన్న, ఈ ఆస్పత్రి, ఈ డాక్టరు, ఆ పెన్ను, అంతా అన్నే. పెళ్లి విషయంలో మాత్రం తెలియక మంచిపని చేశాడు, అది ఒప్పుకోవాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చెడ్డవాడని అనను, ఎలా అంటాను, నిన్న నాకోసం రక్తమిచ్చి వచ్చాడు, చెయ్యి మీద దూది అంటించుకుని, గంటసేపు ఆ దూది అందరికీ చూపించాడు. ఆ రక్తం నాకే ఎక్కించారో ఇంకెవరికిచ్చారో తెలీదు గానీ, నాకే అయితే అదీ పైనుంచి పోసింది పోసినట్టు కిందకి దిగిపోయింది. అన్న ఇచ్చిందేదీ నాలో నిలవదు. ఈ మాట చెప్తే ఆవిడ నవ్వుతుంది, కానీ పొట్ట కదిలితే గొట్టం గుంజుతుంది, అందుకని చెప్పలేదు.

ఆవిడ కిటికీ దగ్గర్నుంచి నన్నే చూస్తోంది. నా ముఖంలో ఏం మరక కనిపించిందో.

ఎక్స్‌రే గది డాక్టరు వచ్చేశాడట, స్ట్రెచరు వచ్చింది. చక్రం ఒకటి కీచుమంటోంది, నూనె చుక్క వేసేవాడు లేడు. తోసే ఆయన బక్కపల్చటి మనిషి, దుప్పటితో సహా నలుగురు పట్టుకుని ఎత్తి దాని మీద వేశారు, సంచులు నా కాళ్ల మధ్య పెట్టారు, వెచ్చగా తగులుతోంది నా రక్తమే నాకు. ఫ్యాన్ పోయింది, గోడలు కదిలాయి, ట్యూబులైట్లు ఒకదాని వెనక ఒకటి నా ముఖమ్మీదుగా పోతున్నాయి. ముప్పై ఏళ్లలో మొదటిసారి రోడ్డు వెనక్కి పోతుంటే చూస్తున్నాను, ఎదురొస్తుంటే కాదు. ఆపరేషన్ డాక్టరు పక్కన నడుస్తున్నాడు, తలాపున అన్న, స్ట్రెచరు కమ్మీ పట్టుకుని, వెనకాలే మా ఆవిడ. అన్న గొంతు నా నెత్తి మీదుగా పోయి డాక్టరు చెవిలో పడుతోంది. "మీకేది మంచిదనిపిస్తే అది కానివ్వండి సార్. వాడికేం తెలీదు. వాణ్ని అడగక్కర్లేదు, నేనున్నాగా. రైట్, పోనివ్వండి."

"హోల్డాన్!"

ఎవరి గొంతో అనుకున్నాను. పొట్ట అడుగునుంచి వచ్చింది, గొట్టం గుంజి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతి పక్కనున్న కమ్మీ మీద ఉంగరంతో కొట్టాను కూడా, ఒక్కసారి, టంగుమని. తోసే ఆయన ఠక్కున ఆగిపోయాడు, ఆయన కూడా బస్సుల్లో తిరిగేవాడే కదా. చక్రం కీచుమనడం మానేసింది.

"ఏంట్రా, ఏమైంది? కదలొద్దన్నారు కదరా!" అన్నాడు అన్న.

"నేను కదల్లేదన్నా. బండిని ఆపాను." అని డాక్టరు వైపు కళ్లు తిప్పాను. "సార్, నాకు చెప్పండి. ఆయనకి కాదు. లోపల ఏమైంది?"

డాక్టరు అన్నని చూశాడు, నన్ను చూశాడు. "ఇప్పుడు టైం లేదండీ..."

"టైం నాక్కూడా లేదు సార్. అందుకే అడుగుతున్నా."

వంగాడాయన. దగ్గరగా చూస్తే ఆయన కళ్ల కింద కూడా నలుపుంది, నిద్రలేదు. జేబులో అదే పెన్ను. "రాయికి దారి వేసేటప్పుడు పక్కన రక్తనాళం ఒకటి దెబ్బతింది. అప్పుడు తెలీలేదు, గోడ పల్చబడి బుడగలా ఉబ్బింది, తర్వాత చిట్లింది. జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి జరుగుతుంది."

"నేను రైటన్నందుక్కాదుగా?"

"ఏంటి?"

"ఇంటికి పంపేటప్పుడు రైటన్నానని మీవాళ్లు అంటున్నారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదండీ. మీ వల్ల కాదు. మా చేతి పనిలో జరిగింది. ఇంకా గట్టిగా చెప్పి పంపాల్సింది మేం. ఎరుపు ఎంతవరకు మామూలు, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి, అని."

ఆ మాట విన్నాను. ఇంకోసారి చెప్పించుకుందామనుకున్నాను, వద్దులే. "స్ప్రింగు పని చేయకపోతే?"

"ఇంకోసారి ప్రయత్నిస్తాం. అప్పటికీ ఆగకపోతే కిడ్నీ తీయాలి. రెండోది బాగుంది, దాంతో బతకొచ్చు, బస్సు కూడా నడపొచ్చు."

"తీసేముందు నన్నడగాలి."

"తమ్ముడూ!" అన్నాడు అన్న. "నీ మంచికేరా నేను..."

"తెలుసన్నా. నీ మంచి నాకు ఏడో తరగతినుంచీ తెలుసు. ఇవాళ్టికి సీటు మార్చు." మళ్లీ డాక్టరుతో, "నేను తెలివిలో ఉంటే నన్నడగండి. లేకపోతే మా ఆవిడని. అదిగో, ఆవిడని."

"ప్రాణం మీదకొస్తే అడిగే వ్యవధి ఉండదు" అన్నాడాయన. "అది మాత్రం నిజం చెప్తున్నా."

"అదీ చెప్పారు, చాలు. ఇంతసేపూ నాక్కావల్సింది అదే. బతికుంటే మీతో కొట్లాడతాను సార్, మా టర్మినల్ తాళంచెవి గురించి కూడా కొట్లాడతాను, మీరు రాసుకున్నారుగా. ఇప్పుడు మాత్రం మీ పని మీరు చూడండి."

అన్న చెయ్యి కమ్మీ మీదే ఉంది. మోచేతి దగ్గర దూది ఊడి వేలాడుతోంది. మెల్లగా చెయ్యి తీసి పక్కకి జరిగాడు. ఆవిడ వచ్చి ఆ చోట నిలబడి, నా కాళ్ల మధ్య సంచుల్ని సర్ది, దుప్పటి మడత సరిచేసింది.

ఎవరూ కదల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు, డాక్టరు, తోసే ఆయన, అన్న. ఎవరో చెప్పాలి కదా బండి కదలడానికి. చెయ్యెత్తి ఉంగరంతో కమ్మీ మీద కొట్టాను, టంగ్, టంగ్. డాక్టరుకి అర్థం కాలేదు.

"రైటంటున్నారు" అంది మా ఆవిడ. "పోనివ్వండి."